చెయ్యి వదిలే చదువు

మా అక్క కూతురు హైదరాబాద్ నిమ్స్‌లో ఫిజియోథెరపీ పి.జి. చేస్తోంది. నాలుగున్నరేళ్ల డిగ్రీ మీద మరో రెండేళ్లు! "కాళ్లూ చేతులూ ఆడించడానికి ఇంత చదువా?" అని నవ్వేదాన్ని.

మొన్న సెలవులకి మహబూబాబాద్‌లో మా ఇంటికొచ్చింది. పక్షవాతం నుంచి కోలుకుంటున్న మా అమ్మ మంచినీళ్ల గ్లాసు అందుకోబోతే నేను పరుగెత్తాను.

"ఆగు చిన్నమ్మా!" అంది.

అమ్మ చెయ్యి వణికింది. సగం నీళ్లు చీరమీద ఒలికాయి. మిగతా సగం తనే తాగి, ఎన్నాళ్లకో నవ్వింది అమ్మ.

"వాడని చెయ్యిని మెదడు మరిచిపోతుంది చిన్నమ్మా. పట్టుకోవడం తొందరగానే వచ్చింది. ఎప్పుడు వదలాలో వార్డుల్లో రోగుల దగ్గరే నేర్చుకుంటున్నా."

ఇన్నాళ్లూ నేను చేసిన సేవ అమ్మ కోసమా, "ఎంత మంచి కూతురో!" అనిపించుకోవడానికా? ఒలికిన నీళ్లు సాయంత్రానికి ఆరిపోయాయి. ఈ అనుమానం మాత్రం ఆరలేదు.