మైకులో వినపడ్డ కర్మ సిద్ధాంతం

మన పిల్లలు ఈమధ్య యువ నాయకత్వ సదస్సులకు బాగా వెళుతున్నారు. ఏసీ హాలు, పెద్ద తెర, చెవులు చిల్లులు పడే పాటలు, కోటు వేసుకున్న వక్త. మా పేట కుర్రాడొకడు తోడు రమ్మంటే విజయవాడలో అలాంటి సదస్సుకు నేనూ వెళ్లి పొద్దుగూకేదాకా కూర్చున్నాను. అక్కడ చెప్పేదంతా పనికిరానిదని అనను. పెందలాడే లేవమన్నారు, ఫోను పక్కన పెట్టమన్నారు, నలుగురిలో నిలబడి మాట్లాడమన్నారు. తరతరాలుగా తల వంచుకొని నిలబడమన్న చోట పుట్టిన పిల్లవాడు మైకు పట్టుకొని తన పేరు గట్టిగా చెప్పుకోవడం చిన్న సంగతా?

ధమ్మం కూడా ప్రయత్నాన్నే నమ్ముకుంది. అష్టాంగ మార్గంలో సమ్యక్ వ్యాయామం ఉండనే ఉంది. కాకపోతే తథాగతుడు ప్రయత్నానికి కొలత కూడా చెప్పాడు. కాళ్లు నెత్తురోడేలా నడిచి సాధన చేసి, ఫలితం కనబడక విసిగిపోయిన సోణుడికి వీణ తీగను గుర్తుచేశాడు. మరీ బిగించినా పలకదు, మరీ వదిలేసినా పలకదు. ఆ హాల్లో బిగించడం ఒక్కటే నేర్పుతున్నారు.

అసలు చిక్కు భోజనాల తర్వాత వచ్చింది. "నువ్వు పేదగా ఉన్నావంటే లోపం నీ ఆలోచనలోనే ఉంది, సాకులు చెప్పకు" అన్నాడు వక్త. హాలంతా చప్పట్లు. ఈ మాట మనకు కొత్తా? మన తాతలకు చెప్పిందీ ఇదే కదా! అప్పుడు పూర్వజన్మ పాపమన్నారు, ఇప్పుడు మైండ్‌సెట్ అంటున్నారు. భూమి ఎవరి చేతిలో ఉందని అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగరు. ఇంటిపేరు వినగానే ఎదుటివాడి మొహం ఎందుకు మారుతుందో చెప్పరు. పూర్వజన్మ కర్మను బాబాసాహెబ్ 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో అంత గట్టిగా కాదన్నది ఇందుకే. పేదవాడి బాధకు పేదవాణ్నే దోషిని చేస్తే సమాజమూ ప్రభుత్వమూ చేతులు దులుపుకుంటాయి.

దీని దెబ్బ ఎక్కడ తగులుతుందో చూడండి. మా కుర్రాడికి గ్రూప్-2 రెండుసార్లు పోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో "లోపం నాలోనే ఉంది బాబాయ్" అన్నాడు. పోస్టులెన్ని, రాసినవాళ్లెంతమంది అని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేశాడు. తర్వాతి మూడు రోజుల శిక్షణకు 18 వేలు కట్టాలట. వాళ్లమ్మ డ్వాక్రాలో అప్పు అడిగింది. ఆదివారం వందన అయ్యాక ఈ సంగతి విహారంలో పెట్టాం. వజ్జీలు తరచుగా కూడి మాట్లాడుకున్నన్నాళ్లు వాళ్లకు క్షీణత లేదని తథాగతుడు అన్నాడు. మనం కూడుతున్నాం గానీ ఇలాంటివి మాట్లాడుకోవడమే తక్కువ. ఆ డబ్బుతో నలుగురు పిల్లలకు పుస్తకాలు వస్తాయని ఒకామె అంది. "నాకు స్టేజీ భయం పోవద్దా?" అన్నాడు కుర్రాడు. అదీ నిజమే. వచ్చే వారం నుంచి వందన చెప్పించే పని అతనికే ఇచ్చాం. అప్పు సంగతి ఇంకా తేలలేదు.

ఆ రోజు తెర మీద బాబాసాహెబ్ ఫొటో కూడా వేశారు. పేద కుర్రాడు, పట్టుదల, విదేశీ చదువు, విజయం. కథ అక్కడితో అయిపోయింది. 1913లో ఆయన కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా సంస్థానం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అన్న మాటే రాలేదు. 1917లో తిరిగొచ్చి అదే బరోడాలో ఉద్యోగంలో చేరితే తలదాచుకోను గది దొరకలేదు. పార్శీ పేరుతో పార్శీల సత్రంలో దిగారు. సంగతి తెలిసి పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయమన్నారు. ఎక్కడా చోటు దొరక్క తోటలో కూర్చుని, రాత్రికి బొంబాయి రైలెక్కారు. ఆ రోజు ఆయనకు ఆత్మవిశ్వాసం తక్కువైందా, చదువు తక్కువైందా? పదేళ్లకు, 1927 మార్చి 20న, మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్లు తాగారు. వేలమంది వెంట ఉన్నారు. నాయకత్వం నాకు కనబడేది ఆ గట్టు మీదే.

భిక్షువు తనొక్కడే పరిపూర్ణుడు కావాలా, సమాజానికి సేవకుడు కావాలా అని అదే గ్రంథం ముందుమాటలో ఆయన అడిగారు. తన పరిపూర్ణతే చూసుకునేవాడు స్వార్థపరుడేనని తేల్చారు. భిక్షువు చోట మన ఉద్యోగస్తుణ్ని పెట్టి చదవండి. ఉద్యోగం వచ్చి, పట్నంలో ఫ్లాటు కొని, పేట పేరు పిల్లలకు కూడా చెప్పనివాడు ఆ సదస్సు లెక్కలో గెలిచినట్టే. 1956 మార్చిలో ఆగ్రాలో బాబాసాహెబ్ బాధపడింది ఇలాంటి చదువుకున్నవాళ్ల గురించే.

వెళ్లొద్దని మాత్రం పిల్లలకు చెప్పకండి. చెప్పినా వినరు. కాలాములకు తథాగతుడు నేర్పింది చెవులు మూసుకోమని కాదు, విన్నదాన్ని పరీక్షించమని. చివర్లో ప్రశ్నలడగమని మైకు చేతికిస్తారు. బరోడాలో గది ఎందుకు దొరకలేదో అడగమనండి.