వింటర్ టైరూ, పంచసూనలూ

స్టాక్‌హోమ్ నగరంలో సోడర్‌మాల్మ్ అనే దీవి మీద హోర్న్స్‌గాటన్ అని ఒక పెద్ద వీధి ఉంది. రెండు పక్కలా ఎత్తైన మేడలు, మధ్యలో ఎడతెగని కార్లు. 2010 జనవరి 1 నుంచి ఆ వీధిలో స్టడ్ల టైర్లున్న కారు నడపడం నిషేధం. స్టడ్డంటే టైరు రబ్బరులో దిగేసిన చిన్న లోహపు మేకు. దాని మొనలో టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క ఉంటుంది. గడ్డకట్టి నున్నబడిన మంచు మీద టైరుకు పట్టు దొరికేది ఆ మొన వల్లే. మంచు లేని రోజున అదే మొన తారురోడ్డును గీకుతుంది. చలికాలమంతా అలా రాలిన రాతిపొడి తడిలో అణిగి ఉండి, మార్చి, ఏప్రిల్ నెలల్లో రోడ్లు ఆరగానే గాలిలోకి లేస్తుంది. పది మైక్రాన్ల లోపు ధూళి ఘనపు మీటరు గాలిలో రోజు సగటున 50 మైక్రోగ్రాములు దాటే రోజులు ఏడాదికి 35కు మించకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన. హోర్న్స్‌గాటన్ ఏళ్ల తరబడి ఆ హద్దు దాటింది. ఈ రకం ధూళి విషయంలోనే 2011లో ఐరోపా న్యాయస్థానం స్వీడన్‌ను తప్పుపట్టింది.

నిషేధానికి ముందు ఆ వీధిలో కారు నడిపిన తండ్రి తన పిల్లల క్షేమం కోసమే స్టడ్లు వేయించాడు. పైన మేడలో ఉండే ఇంకో తండ్రి తన పిల్లల క్షేమం కోసమే కిటికీ మూసుకున్నాడు. ఇద్దరిలో తప్పెవరిది? ఒకరి ప్రాణం కాపాడుకునే జాగ్రత్త ఇంకొకరి ప్రాణానికి హాని అయితే, ఆ హాని ఎవరి లెక్కలో పడుతుంది? టైర్ల దుకాణంలో ఇది తేలదు. భారతమూ, జైనమూ, ధర్మశాస్త్రాలూ ఈ చిక్కుతో చాలాకాలం తలపడ్డాయి. అవి చెప్పినదాంట్లో ఈనాటి మంచుదేశాలకు పనికొచ్చేది చాలానే ఉంది.

ముందు మామూలు నష్టాలు చెప్పుకోవాలి. స్టడ్లు లేని వింటర్ టైరు కూడా ఉచితంగా వచ్చే వరం కాదు. మామూలు టైరు రబ్బరు ఏడు డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి వెళ్లేకొద్దీ బిగుసుకుపోతుంది, రోడ్డును పట్టలేదు. వింటర్ టైరు రబ్బరును చలిలోనూ మెత్తగా ఉండేలా తయారుచేసి, దాని మీద సన్నని చీలికలు దగ్గరదగ్గరగా కోస్తారు. ఎండ కాసి రోడ్డు వెచ్చబడితే ఆ మెత్తదనమే ఎదురు తిరుగుతుంది. బ్రేకు వేశాక బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, టైరు త్వరగా అరిగిపోతుంది. నాలుగు టైర్ల ఖర్చు ఎలాగూ ఉంటుంది. వేరే రిమ్ములు కొంటే అదీ కలుస్తుంది. ఏడాదికి రెండుసార్లు మార్పించాలి, తీసినవాటిని ఎక్కడో దాచాలి.

మాంట్రియల్‌లో ఉద్యోగానికి చేరిన తెలుగువాళ్లకు ఈ ఖర్చు మొదటి ఏడాదే ఎదురవుతుంది. క్యుబెక్ రాష్ట్రంలో 2008 నుంచి చలికాలంలో వింటర్ టైర్లు తప్పనిసరి. ఇప్పుడు ఆ గడువు డిసెంబర్ 1 నుంచి మార్చి 15 దాకా. పక్కనే ఉన్న ఒంటారియోలో బలవంతం లేదు. వేయించుకున్నవాళ్లకు బీమా సంస్థలు ప్రీమియంలో తగ్గింపు ఇవ్వాలని మాత్రం 2016లో నియమం పెట్టారు. స్టడ్ల సంగతికొస్తే క్యుబెక్ వాటిని చలికాలంలో ఒప్పుకుంటుంది, ఒంటారియో ఉత్తరభాగం వాళ్లకే ఒప్పుకుంటుంది. అమెరికాలో అంత మంచు కురిసే మిన్నెసోటా రాష్ట్రమేమో తన పౌరులకు వాటిని నిషేధించింది. జర్మనీ 1975లోనే వద్దంది. ఒకే మంచు, ఒకే మేకు, ఇన్ని రకాల తీర్పులు. లెక్కలు వేసేవాళ్ల సామర్థ్యంలో తేడా ఉండి ఇలా జరగలేదు. ఎవరి నష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలన్న దగ్గరే దారులు చీలాయి.

అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ ఉంది. తెలుగు భారతంలో ఆ భాగం ఎఱ్ఱన చెప్పాడు. తపస్సు చేశానన్న గర్వంతో ఉన్న కౌశికుడనే బ్రాహ్మణుడు ఒక ఇల్లాలి మాట విని మిథిలకు వెళ్తాడు. అక్కడ మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడి దగ్గర ధర్మం నేర్చుకుంటాడు. హింసతో ముడిపడిన వృత్తిలో ఉన్నవాడు ధర్మం ఎలా చెబుతాడన్నది బ్రాహ్మణుడి సందేహం. నాగలి భూమిలోకి దిగితే ఎన్ని ప్రాణులు చస్తాయో చూడమంటాడు వ్యాధుడు. నడిచే కాలి కింద, తినే గింజలో, తాగే నీటిలో ప్రాణాలు ఉన్నాయంటాడు. ఏ హానీ చేయకుండా బతికినవాడు లోకంలో లేడు. ఇంతవరకే విని ఆగిపోయేవాళ్లకు ఇది తేలికైన సమాధానం: అందరూ చేసేదే కాబట్టి నా స్టడ్లూ నా ఇష్టమే. ధర్మవ్యాధుడు అక్కడ ఆగలేదు. యతులు కూడా హింస పూర్తిగా మానలేరు గాని, ప్రయత్నంతో దాన్ని తగ్గిస్తారని ముగిస్తాడు. తప్పించుకోలేనిదాన్ని ఒప్పుకోవడం, తగ్గించగలిగినదాన్ని తగ్గించడం. రెండో సగం వదిలేస్తే మొదటి సగం వట్టి సాకుగా మిగులుతుంది.

మనుస్మృతి మూడో అధ్యాయం ఇంకో మెట్టు ఎక్కింది. గృహస్థు ఇంట్లో అయిదు హింసాస్థానాలు ఉన్నాయంటుంది. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. వీటినే పంచసూనలు అన్నారు. వంట లేకుండా సంసారం లేదు కాబట్టి ఆ హింసను రద్దు చేయమని ఎవరూ అడగలేదు. దానికి బదులుగా రోజూ అయిదు యజ్ఞాలు చేయమన్నారు. వాటిలో భూతయజ్ఞం ప్రాణులకు పెట్టే తిండి, మనుష్యయజ్ఞం అతిథికి పెట్టే తిండి. ఆ గ్రంథంలో ఈ కాలానికి ఒప్పుకోలేనివి చాలా ఉన్నాయి. ఈ ఒక్క ఆలోచన మాత్రం ఎంత లోతైనదో చూడాలి. తప్పనిసరి హానికి కూడా అప్పు పుడుతుంది, ఆ అప్పు రోజూ తీర్చాలి, అందులో కొంతయినా ప్రాణులకే నేరుగా అందాలి.

ఓస్లో నగరం చేసింది దాదాపు ఇదే. స్టడ్ల టైర్లతో ఊళ్లోకి వచ్చే కారుకు 1999లో రుసుము పెట్టింది. మధ్యలో ఎత్తేసి, 2004లో మళ్లీ తెచ్చింది. రోజుకైనా కట్టొచ్చు, నెలకైనా, చలికాలం మొత్తానికైనా. పొగ వదలని ఎలక్ట్రిక్ కారుకూ మినహాయింపు లేదు, ఎందుకంటే ఇక్కడ గొడవ పొగ గురించి కాదు, రోడ్డు రాలడం గురించి. క్రమంగా ఆ నగరంలో ఎక్కువమంది స్టడ్లు లేని వింటర్ టైర్లకు మారారు. డబ్బున్నవాడు రుసుము పారేసి నిశ్చింతగా గీకుతూ పోతాడు కదా అనే అభ్యంతరం ఉంది. అది న్యాయమైనదే. పశ్చాత్తాపం లేని ప్రాయశ్చిత్తం చెల్లదని మన పెద్దలూ అన్నారు. అయినా కొండదారిలో ఊరికి వచ్చే నర్సునూ, ఉప్పు చల్లి శుభ్రం చేసిన నగరవీధుల్లోనే తిరిగే గుమాస్తానూ ఒకే తాడుతో కట్టే నిషేధం కంటే, అవసరం ఎంతో ఎవరికి వారే తూచుకునేలా చేసే రుసుమే మేలు. నగరం దాటి వెళ్లనివాడికి స్టడ్లు వేయించుకునే హక్కు నైతికంగా చాలా పలచనిది.

నిషేధం వైపు నిలిచే గట్టి ఉదాహరణ జపాన్. 1980ల మొదట్లో సెందాయ్ నగరంలో చలికాలం వస్తే తెల్లటి ధూళి కమ్మేది. అక్కడ మంచు తక్కువ, స్టడ్ల కార్లు ఎక్కువ. రోజుల తరబడి మేకులు ఉత్త రోడ్డు మీదే తిరిగేవి. జనం నోరూ ముక్కూ కప్పుకుని నడిచేవారు. ఊరివాళ్లు ఊరుకోలేదు. 1985లో ఆ నగరం ఉన్న మియాగి ప్రాంత ప్రభుత్వం కట్టడి చట్టం చేసింది. 1988లో లాయర్లు వేసిన ఫిర్యాదు రాజీకి వచ్చి, పెద్ద టైర్ల కంపెనీలు తయారీ మానేస్తామని ఒప్పుకున్నాయి. 1990లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అంబులెన్సులనూ, అగ్నిమాపక వాహనాలనూ, అంగవైకల్యం ఉన్నవాళ్ల బండ్లనూ మాత్రం మినహాయించారు. ధూళి తగ్గింది. ఊపిరి పీల్చేవాడి పక్షాన ఒక దేశం ఇంత స్పష్టంగా నిలబడిన సందర్భాలు అరుదు.

కాని కథ జపాన్‌లోనే ఉన్న సపోరో నగరంలో ఇంకోలా మలుపు తిరిగింది. స్టడ్ల టైర్లు తిరిగినన్నాళ్లూ అవి మంచును గీకి గరుకు చేసేవి. స్టడ్లు లేని బండ్లకూ, రోడ్డు దాటే మనుషులకూ ఆ గరుకు మీద పట్టు దొరికేది. ఎవరూ అడగకుండానే అందిన మేలు అది. స్టడ్లు పోయాక మెత్తటి రబ్బరు చక్రాలు కూడళ్ల దగ్గర ఆగుతూ కదులుతూ మంచును నునుపుదేల్చాయి. జారిపడి ఆస్పత్రికి చేరే పాదచారులు పెరిగారు. పెద్దవాళ్ల ఎముకలకు ఆ పడడం చిన్న విషయం కాదు. నగరం ఇసుక, మంచు కరిగించే మందులు చల్లడం పెంచింది. కూడళ్ల దగ్గర ఇసుక సంచులున్న పెట్టెలు పెట్టింది, నడిచేవాళ్లే తీసి చల్లుకోవచ్చు. ఇక్కడ తెలిసేది ఒకటుంది. స్టడ్లు వేసినా అప్పే, తీసినా అప్పే, అప్పు ఇచ్చినవాళ్లు మారారు అంతే. సెందాయ్‌లో దగ్గేవాడు, సపోరోలో జారిపడే ముసలామె. ఆ ఇసుక పెట్టెలో భూతయజ్ఞపు వాసన ఉంది: కొత్తగా నష్టపోయింది ఎవరో గుర్తించి, వాళ్ల చేతికే ఏదో ఒకటి అందించారు.

లెక్కలో సాధారణంగా చేరని నష్టం ఇంకోటి ఉంది. అది నడిపేవాడి మనసులో జరిగేది. 1976లో కోరె రూమర్, ఆయన సహచరులు స్వీడన్ రోడ్ల మలుపుల దగ్గర కార్ల వేగం కొలిచి పరిశోధన అచ్చువేశారు. మంచు మీద స్టడ్లున్నవాళ్లు లేనివాళ్లకంటే వేగంగా మలుపు తీసుకున్నారు. అదనంగా దొరికిన పట్టులో కొంత వేగం కింద ఖర్చుపెట్టేశారు. మొత్తం కాదు, వాళ్లకు భద్రత ఇంకా కొంత మిగిలింది. అంటే స్టడ్లు దండగ అని ఆ పరిశోధన చెప్పలేదు. రక్షణ కోసం కొన్నది తెలియకుండానే తొందర కోసం వాడుకున్నారని చెప్పింది.

ఈ విషయంలో జైనుల చూపు నిశితమైనది. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను అజాగ్రత్తతో ముడిపెట్టి నిర్వచించింది. జైన సాధువు నడిచేటప్పుడు ముందున్న నాలుగు మూరల నేలను చూసుకుంటూ అడుగు వేయడాన్ని ఈర్యాసమితి అంటారు. వానాకాలంలో నేలంతా పురుగూ మొలకా నిండి ఉంటాయి కాబట్టి నాలుగు నెలలు ప్రయాణమే మానుకుంటారు. ఋతువు మారితే మనిషి కదలికా మారాలన్నది వాళ్ల పట్టుదల. మంచుదేశంలో ఉద్యోగం చేసుకునేవాడు నాలుగు నెలలు ఇంట్లో కూర్చోలేడు. మంచు తుఫాను రోజున మాత్రం వెళ్లి తీరాలా అని ఒకసారి ఆలోచించుకోగలడు. మెట్రో ఎక్కగలడు. మంచి టైర్లు ఉన్నా నెమ్మదిగా పోగలడు. వింటర్ టైరు కొనిపించే వ్యాపారం ఎక్కడా ఈ మూడింటినీ గుర్తుచేయదు. అది మనసుకు కష్టం కలిగించే సంగతి, ఎందుకంటే పైసా ఖర్చులేని రక్షణ అక్కడే ఉంది.

అయితే స్టడ్లు లేని టైరు నిర్దోషి అనుకుంటే అదీ పొరపాటే. రబ్బరు పగలకుండా దాదాపు అన్ని టైర్లలోనూ కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారి, వానతో వాగుల్లోకి చేరి, అమెరికా వాయవ్య తీరంలో కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020 డిసెంబర్‌లో సైన్స్ పత్రికలో వచ్చింది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురీదుతూ వచ్చిన చేపలు పట్టణపు వాగుల్లో గుడ్లు పెట్టకముందే చస్తున్నాయి. త్వరగా అరిగే ఏ టైరైనా ఆ వాగులకు ఎక్కువే పంపుతుంది. ధర్మవ్యాధుడు చెప్పిన నాగలి కిందికి ఈ చేపలూ వస్తాయి.

అన్నిటికంటే దూరాన ఉన్నవాడి సంగతి 2018లో బయటికి తెచ్చింది స్వీడన్‌లోని చామర్స్ సాంకేతిక విశ్వవిద్యాలయం. అన్నా ఫుర్బెర్గ్, ఇద్దరు సహపరిశోధకులు స్టడ్డు పుట్టుక నుంచి చివరిదాకా మనుషుల ఆరోగ్యానికి జరిగే మేలూ కీడూ కలిపి తూచారు. ప్రమాదాలు తగ్గి స్కాండినేవియాలో మిగిలే ఆయుష్షు ఒక పళ్లెంలో. రోడ్డు ధూళి, తయారీ కాలుష్యం, కాంగోలో చేతిపనిముట్లతో కోబాల్ట్ తవ్వే గనుల్లో చనిపోయేవాళ్ల ఆయుష్షు ఇంకో పళ్లెంలో. టంగ్‌స్టన్ కార్బైడ్‌ను అతికి ఉంచేది కోబాల్టే. కీడు పళ్లెమే బరువు తూగింది. ఆ కీడులో చెప్పుకోదగ్గ వాటా మంచు ఎన్నడూ చూడని దేశాల్లో పడుతోంది. లాభం ఒక చోట, దాని ధర ఇంకో చోట.

మేడ మీది తండ్రి నగరసభకు మొర పెట్టుకోగలిగాడు, సెందాయ్ పౌరులు చట్టం తెప్పించుకోగలిగారు, సపోరో ముసలామెకు ఇసుక పెట్టె అందింది. కాంగో గని కార్మికుడి చేతికి ఓస్లో రుసుములోంచి ఏమీ రాదు. ఐరోపా సమాఖ్య 2021 నుంచి అమలు చేస్తున్న చట్టం ప్రకారం టంగ్‌స్టన్, తగరం, టాంటలం, బంగారం దిగుమతి చేసేవాళ్లు అవి సాయుధ ఘర్షణలకు డబ్బు అందించే గనుల నుంచి వచ్చాయేమోనని ఆరా తీయాలి. ఆ జాబితాలో కోబాల్ట్ లేదు. 2023లో వచ్చిన బ్యాటరీల చట్టం కోబాల్ట్ గురించి ఆరా తీయమంటుంది, అదీ బ్యాటరీల్లో వాడే కోబాల్ట్ గురించి మాత్రమే. స్టడ్డులో ఉన్న ఆ రవ్వంత కోబాల్ట్ రెండు చట్టాల మధ్య నుంచి జారిపోయింది. మొదటి చట్టపు జాబితాలో అయిదో ఖనిజంగా దాన్ని చేర్చడానికి ఏ శాస్త్రమూ అడ్డం రాదు.