పిలుపు, కూలి, తలుపు

సుల్తానాబాద్ నుంచి పెద్దపల్లి దిక్కు రాజీవ్ రహదారి పట్టుకొని పోతే రైస్ మిల్లులు, ఊళ్ల అంచుల్లో ఇటుక బట్టీలు కనిపిస్తాయి. మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీల్లో చాలామంది బీహార్ నుంచి వచ్చినవారు. బట్టీల్లో మట్టి తొక్కి ఇటుకలు చేసేవారు పశ్చిమ ఒడిశావారు, బలంగీర్, నువాపడా వంటి జిల్లాల నుంచి కుటుంబాలతో వస్తారు. వారిలో దళితులున్నారు, మనలాంటి ఆదివాసులూ ఉన్నారు. పండుగలు దాటాక వచ్చి వానలకు ముందు వెళ్లిపోతారు. ఆరు నెలలు మన పక్కనే ఉంటారు. మనవాళ్లు వాళ్లను పిలిచే పేరు ఒక్కటే, 'లేబర్'.

కూలి ఇస్తున్నాం కదా, మర్యాద వేరే ఎందుకు అని అడిగేవాళ్లున్నారు. మర్యాదగా మాట్లాడుతున్నాం కదా, కూలి సంగతి తర్వాత చూద్దాం అనేవాళ్లూ ఉన్నారు. ఈ రెండోవాళ్లతోనే మాకు ఎక్కువ పేచీ. బట్టీ పని ఎట్లా మొదలవుతుందో చూడండి. కూలీల ఊరికి ఒక సర్దార్ వెళ్లి, పని లేని రోజుల్లో అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆలుమగలు, తోడుగా ఒక పిల్లో పిల్లాడో, ముగ్గురూ కలిస్తే ఒక జట్టు. వెయ్యి ఇటుకలకు ఇంతని లెక్క. ఆ లెక్కలో అడ్వాన్సు తీరేదాకా కదలడానికి లేదు. ఊళ్లో తల్లి చనిపోయిందని కబురొచ్చినా పోనివ్వని చోట 'అన్నా' అని ఎంత తియ్యగా పిలిస్తే ఏం లాభం? మనిషి లేచి వెళ్లిపోగలడా లేదా అన్నదే మేము మొదట అడుగుతాం. పిలుపు సంగతి ఆ తర్వాత.

చట్టం కూడా ఇదే చెబుతుంది. రాజ్యాంగం 23వ అధికరణం బలవంతపు చాకిరీని నిషేధించింది. 1976 చట్టం వెట్టి చాకిరీని రద్దు చేసి, దానికి ఆధారమైన అప్పును కూడా కొట్టేసింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. కొరడా పట్టుకొని చేయిస్తేనే బలవంతం కాదు, ఆకలికి తాళలేక కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకున్నా అది బలవంతపు పనే అంది.

మన జిల్లాకు ఈ మాట కొత్తది కాదు. 'నీ బాంచెన్ దొరా' అనిపించుకున్న నేల ఇది. తాత వయసు మనిషిని కూడా పేరు చివర 'గాడు' తగిలించి పిలిచిన నేల. చట్టం వచ్చిన రెండేళ్లకు కూడా వెట్టి పోకపోతేనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల రైతుకూలీలు లేచారు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. కొన్ని ఊళ్లలో దొర ఇంటికి చాకలి, మంగలి పనులు బంద్ పెట్టారు. అప్పుడు తెలిసింది, ఎవరి పని లేకపోతే ఎవరి ఇల్లు నడవదో.

ఇక మన సంగతి. మన పిల్లలు చదివి టీచర్లయ్యారు, వార్డెన్లయ్యారు, షాపుల్లో సూపర్‌వైజర్లయ్యారు. అంటే ఇప్పుడు మన కింద కూడా మనుషులున్నారు. ఆశ్రమ పాఠశాలలో తెల్లవారకముందే పొయ్యి వెలిగించే వంటమ్మను, కామాటీని చూడండి. చాలాచోట్ల వాళ్లు దినకూలీలే, జీతం నెలలు ఆగి వస్తుంది. వాళ్లు మన గూడెంవాళ్లే, వరుసకు అత్తో చిన్నమ్మో అవుతారు. గూడెంలో 'చిన్నమ్మా' అన్న నోరే బడిలో 'ఏయ్, చాయ్ తే' అంటుంది. పిల్లలు అది వింటూ కూర్చుంటారు. మర్యాద మీద పాఠం చెప్పే పీరియడ్ అక్కర్లేదు, ఆ ఒక్క మాటతోనే వాళ్లు కావలసింది నేర్చేసుకుంటారు.

కుర్చీ సంగతీ ఉంది. కేరళలో బట్టల దుకాణాల ఆడవాళ్లు పొద్దంతా నిలబడి పనిచేసి, కూర్చునే హక్కు కోసం పోరాడారు. 2018లో అక్కడ చట్టం మారింది, 2021లో తమిళనాడు అదే చేసింది. కరీంనగర్ షాపుల్లో నిలబడుతున్న మన ఆడపిల్లలకు ఈ సంగతి చెప్పాలి. స్టాఫ్‌రూంలో ఒక కుర్చీ ఎక్కువ వేసి, వంటమ్మ జీతం ఎన్ని నెలలుగా ఆగిందో అడిగి, ఐటీడీఏకు రాసే కాగితంలో ఆమె పేరు పూర్తిగా రాయడానికి మాత్రం ఏ చట్టమూ మారనక్కర్లేదు.