పలువురి పాటకు ఒక మృదంగము

కోనసీమలోని మురమళ్ళ వీరేశ్వరస్వామికిని భద్రకాళీదేవికిని దినదినమును కల్యాణము జరుగుచుండును. వధూవరులు మారరు, మంత్రములు మారవు, మాంగల్యధారణవేళ చెలరేగు గట్టిమేళమును మారదు. మారునది కల్యాణము జరిపించుకొను భక్తుల గోత్రనామములు మాత్రమే. అచ్చట డోలు వాయించు మేళగానిని నీవు ఎవరివాడవని అడుగ నక్కరలేదు, అతడు స్వామివారివాడు. ఒకే పెండ్లికి జీవితమంతయు వాయించిన వాని నిష్ఠను గూర్చి ధర్మశాస్త్రమునకుగాని భక్తిశాస్త్రమునకుగాని సందేహము కలుగదు. సందేహమంతయు వేరొకని విషయమున కలుగుచున్నది: ఈ సాయంకాలము ఒక గాయకునికి, రేపు ఒక గాయనికి, ఎల్లుండి వేణువునకు, ఆ మరునాడు మాండొలినుకు మృదంగము వాయించుచు, ఎవరి ప్రక్కన కూర్చున్న వారి పాటయే తన సర్వస్వమైనట్లు తల యూచుచు, మంగళము పాడగానే మృదంగమును సంచిలో పెట్టుకొని మరియొక ఊరి రైలెక్కు విద్వాంసుని నిష్ఠ యెక్కడ నున్నది? అనన్యభక్తిని అంతగా కొనియాడిన గీత వానిని ఏ వర్గమున చేర్చును?

ఇది మనకే కలిగిన ప్రశ్న కాదు. ఇంగ్లండులో 1947లో పుట్టి 1998లో కారు ప్రమాదమున మరణించిన కోజీ పవెల్ అను డ్రమ్ముల వాద్యకుడు జెఫ్ బెక్ బృందము, రెయిన్‌బో, వైట్‌స్నేక్, బ్లాక్ సబ్బత్ అను రాక్ బృందములు పెక్కింటిలో వాయించెను. అచ్చటి శ్రోతలు బృందమును కుటుంబముగా భావింతురు గనుక, వాద్యకుడు ఒకదానిని వీడి వేరొకదానిలో చేరుటను విడాకుల వ్యవహారమువలె చర్చింతురు. మన కచేరీలో వీడుటకు బృందమే లేదు. గాయకుడును మృదంగ విద్వాంసుడును తరచుగా వేదిక వెనుక గదిలోనే కలిసికొందురు. కుశలప్రశ్నలు, ఒక్క కప్పు కాఫీ, శ్రుతి సరిచూచుకొనుట, అంతే. ఏ కృతి రానున్నదో గాయకుడు ఎత్తుకొనువరకు ప్రక్కనున్నవానికి తెలియకపోవుటయు కలదు. పవెల్ ఒక జీవితకాలమున మార్చిన బృందములను మన మృదంగ విద్వాంసుడు కచేరీలు మెండుగా జరుగు ఒక్క మార్గశిర మాసమున మార్చును. కాబట్టి ఈ ప్రశ్న మన దేశమున మరింత తీవ్రముగా పుట్టవలసియుండగా, ఎవరును అడిగినట్లు కానరాదు.

సమాధానము వాద్యమునందే కొంత దొరకును. పనసకొయ్యను తొలిచి చేసిన ఆ వాద్యము కుడిమొగమున నల్లని కరణి ఎల్లప్పుడును ఉండును. ఎడమమొగమున మాత్రము, కచేరీకి కొంచెము ముందు, నీటితో తడిపిన రవ్వముద్దను గుండ్రముగా అద్ది, వ్రేళ్ళతో మెత్తుచు, తట్టి వినుచు, మంద్రనాదము పలుకువరకు సవరింతురు. కచేరీ ముగియగానే దానిని గీకివేయుదురు. కుడిమొగమును గుండ్రాయితో అంచున కొట్టి గాయకుని షడ్జమునకు తెత్తురు. గాయకుడు ఒకటి శ్రుతివాడైనచో పొడవైన తగ్గుస్థాయి మృదంగము, గాయని ఐదు శ్రుతిదైనచో పొట్టిదైన హెచ్చుస్థాయి మృదంగము కావలెను. కూర్చుండు చోటును ఇట్లే ఇతరుల సౌకర్యము ననుసరించును: నాదము పలుకు కుడిమొగము సభవైపు ఉండవలెను గనుక మృదంగ విద్వాంసుడు గాయకుని కుడిప్రక్కన కూర్చుండును. మృదంగ విద్వాంసుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళై ఎడమచేతివాటమువాడై ఎడమప్రక్కన కూర్చుండవలసివచ్చుటచేత, ఆయనకై అచ్చటి వయొలిన్ విద్వాంసులు చోటు మారవలసివచ్చి, కొందరు సమ్మతింపకపోయిరి. అంతటి లయజ్ఞానికిని ఈ చిక్కు తప్పలేదు.

ఇంతవరకు చూచినచో సర్వమును గాయకునిదే యనిపించును. కాలప్రమాణము సంగతి అట్లు కాదు. పాట ఎత్తుకొనునప్పుడు విలంబమో మధ్యమమో నిర్ణయించుట గాయకుని ఇష్టము. ఎత్తుకొనిన క్షణమునుండి అది ఆయన ఇష్టము కాదు. సంకల్పము చెప్పువరకు యజమాని స్వతంత్రుడై, చెప్పిన పిమ్మట క్రతువునకు బద్ధుడైనట్లు, గాయకుడును తాను నిలిపిన నడకకే లోబడవలెను. ఆ నడకను కాపాడు భారము మృదంగముపై పడును.

రామానుజులు వేదార్థసంగ్రహమున శేషత్వమును నిర్వచించుచు, పరునకు అతిశయము కలిగించుటయే స్వరూపముగా గలది శేషమనిరి. ప్రక్కవాద్యకునికి ఇంతకంటె తగిన నిర్వచనము నేనెరుగను. అయితే శేషి యనబడు ఆ పరుడెవడు? గాయకుడే యైనచో, జీవితమున వందమందికి వాయించిన వానికి వందమంది శేషులు కావలసివచ్చును. ఆ సిద్ధాంతమున శేషి ఒక్కడే గనుక ఇది పొసగదు. తాళము తప్పిన ఘడియలో ఈ చిక్కు విడిపోవుచున్నది. స్వరకల్పన చేయుచు గాయకుడు అరయక్షరము తొట్రుపడి పాట ఎత్తుగడ చోటైన ఎడుపునకు ముందే వచ్చి వ్రాలెననుకొందము. మృదంగ విద్వాంసుడు ఆయన సేవకుడే యైనచో ఆయనతోపాటు తానును తప్పవలెను. ప్రతిస్పర్ధియైనచో ఆ తప్పును సభకు చాటవలెను. ఉత్తముడైనవాడు రెండును చేయడు. ఒక చిన్న ముక్తాయింపుతో, సభలో నలుగురైనను గుర్తింపనంత మృదువుగా, ఎడుపు ఎచ్చటనున్నదో చూపి, గాయకుడు వచ్చి చేరువరకు అచ్చటనే నిలుచును. ఒక్కొక్కప్పుడు సభామర్యాదకై తానే రెండక్షరములు జరిగి కూడుకొనుటయు కలదు; అది దయ, సిద్ధాంతము కాదు. వాని శేషత్వము లయకు. గాయకుడును అదే శేషికి మరియొక శేషము. మారినవారు తోడిసేవకులేగాని స్వామి మారలేదు. మురమళ్ళ మేళగానికిని ఊరూర తిరుగు విద్వాంసునికిని నిష్ఠయందు నాకు భేదము కనబడకుండుటకు ఇదియే కారణము.

గీత పదునెనిమిదవ అధ్యాయము ఏ కర్మకైనను అధిష్ఠానము, కర్త, కరణములు, చేష్టలు, దైవము అను అయిదు కారణములను చెప్పి, వీనిని గుర్తింపక తానే కర్తనని తలచువానిని దుర్మతి యన్నది. కరతాళధ్వనులు మ్రోగునప్పుడు చేతులు జోడించి ముందునకు వంగు ప్రధానవిద్వాంసులు ఈ శ్లోకమును అప్పుడప్పుడు తలచుకొనినచో మేలు. మృదంగ విద్వాంసుని లోకము కరణములలో చేర్చినది. కరణము కొయ్యయు తోలును గాని కూర్చున్న మనుష్యుడు కాడు. పదములోని ఒక విలంబమైన పంక్తివద్ద చేయి ఎత్తి, వాయింపక, ఆ మాటను ఒంటరిగా వినబడనిచ్చునట్టి వివేకము కరణమునకు ఎచ్చటనుండి వచ్చును?

శ్రుతిని తల్లిగాను లయను తండ్రిగాను చెప్పుకొను సంప్రదాయమే తండ్రిని ప్రక్కకు కూర్చుండబెట్టినది. 1928లో స్థాపింపబడిన మద్రాసు సంగీత అకాడమీ, ఒక మృదంగ విద్వాంసునికి సంగీతకళానిధి బిరుదమును మొదటిసారిగా ఒసగినది 1966లో. ఆయన పాల్ఘాట్ మణి అయ్యర్. చెంబై, అరియకుడి, సెమ్మంగుడి వంటి భిన్నమార్గముల గాయకులకు ఒకే చేతితో వాయించి, ఎవరి బాణీ వారికి నిలిపిన మహానుభావుడు. మైకును ఆయన సహింపలేదు. స్త్రీలకు వాయించుటకు చాలకాలము నిరాకరించి, తరువాత డి.కె. పట్టమ్మాళ్‌కు వాయించెను, మొదటి నిరాకరణము ఆయన లయజ్ఞానమునకు తగినది కాదు. లయ స్త్రీపురుషభేదము నెరుగదనుటకు తెలుగునాట మృదంగ విద్వాంసురాలు దండమూడి సుమతీ రామమోహనరావు జీవితమే చాలును. నిడుమోలు సుమతిగా ఆమెకు 2021లో పద్మశ్రీ వచ్చినది. ఆమె భర్తయు గురువును అయిన దండమూడి రామమోహనరావు విజయవాడ ఆకాశవాణి నిలయ విద్వాంసుడుగా నుండెను. ఆ ఉద్యోగమును నేను వేదాంతదృష్టితో ఎన్నతగినదిగా తలంతును: నేడు ఎవరికి వాయింపవలెనో నిర్ణయించునది రాగద్వేషములు కావు, గోడపై వ్రేలాడు డ్యూటీ చార్టు. పేరుగాంచిన గాయకుడు వచ్చినను, ఆడిషనులో అప్పుడే నెగ్గిన చిన్నవాడు వచ్చినను, చేయి ఒకటే. ఫలాసక్తి లేని కర్మకు నెలజీతము అడ్డు కాదని ఆ తరము నిలయ విద్వాంసులు నిరూపించిరి. గోదావరి కెగువన రాజమహేంద్రవరమునుండి మృదంగ విద్వాంసుడు వి. కమలాకరరావు, మణి అయ్యరువద్ద శుశ్రూష చేసి, ఆ నడకను మన ప్రాంతమునకు తెచ్చెను.

ప్రక్కన కూర్చుండుట తక్కువయని తలచువారికి ప్రదోషకాలపు శివతాండవమును గుర్తుచేయవలెను. ఆ సభలో వాణి వీణ వాయింపగా, ఇంద్రుడు వేణువూద, బ్రహ్మ తాళము వేయగా, లక్ష్మి పాడుచుండ, మృదంగము పట్టినవాడు విష్ణువు. పలివెల కొప్పేశ్వరుని భక్తులకు ఇది వినసొంపు. అంతర్వేది నరసింహుని భక్తులు, మా స్వామి ఇంకొకరి ఆటకు వాయించుట యేమని నొసలు చిట్లింపవచ్చును. చిట్లింప నక్కరలేదు. స్థితికారకుడనగా లోకము తన నడక తప్పకుండ నిలుపువాడు. నర్తనమునకు కాలప్రమాణము నిలుపుట ఆయన పనియే గదా! ర్యాలిలో ఒకే శిలయందు ముందు కేశవుడుగాను వెనుక మోహినిగాను నిలిచిన స్వామికి, ఆటకు ముందుండుటయు వెనుకనుండుటయు సమానమే.

రాజోలు సీమలోని శంకరగుప్తమున 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఈ రెండు చోట్లను ఎరిగినవాడు. గాయకులలో అగ్రేసరుడయ్యును మృదంగము, కంజీర, వయోలా చేపట్టెను. త్రిముఖి, పంచముఖి మొదలైన క్రొత్త తాళములను కల్పించెను. ప్రక్కవాద్యకుని భారమును తన చేతులతో ఎరిగినందుననే కాబోలు, ఆయన పాటలో కాలప్రమాణముతో ఆటలాడు చనువు కానవచ్చును.

ఇంతవరకు చెప్పినదంతయు వాయించువానిని గూర్చి. పూర్వాచార్యులు దాటవేసిన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. మృదంగపు మొగములకు ఆవుతోలును మేకతోలును వాడుదురు. బిగించు వార్లు గేదెతోలువి. గోవును పూజించు ఇంటి పెద్ద ఆ తోలుపై చేయివేసి త్యాగయ్య కృతికి వాయించును. ఆ తోలును ఎండబెట్టి, గీకి, కోసి, అమర్చినవానిని మాత్రము ఆ ఇంటి గడప దాటనీయడు. టి.ఎం. కృష్ణ 2020లో ప్రకటించిన సెబాస్టియన్ అండ్ సన్స్ అను గ్రంథము ఇట్టి కుటుంబముల చరిత్రను వివరించినది. మణి అయ్యరుకు మృదంగములు సిద్ధపరచిన పర్లాండు అను పనివాడు అట్టి కుటుంబమువాడు. విష్ణువు చేతి మృదంగమునకు తోలు అమర్చినదెవ్వరో పురాణము చెప్పలేదు. మన సీమలోను ఇదే వరుస: గ్రామదేవత జాతరకును శవయాత్రకును డప్పు కావలెను, డప్పు వాయించువాని పేట మాత్రము ఊరిబయట. నేడు ఈ కోనసీమ జిల్లా డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ నామమును వహించినది. లయకు శేషములైనవారిలో ఎక్కువతక్కువలు లేవని ఒప్పుకొనువారు తోలుపనివానినికూడ ఆ పంక్తిలో కూర్చుండబెట్టనిచో, పైన చెప్పిన వేదాంతమంతయు వ్యర్థము. సభలవారు కచేరీ ఆహ్వానపత్రికలో మృదంగ విద్వాంసుని పేరు క్రింద, దానిని సిద్ధపరచినవాని పేరును ముద్రించుట కష్టమైన పని కాదు; ఖర్చు ఒక్క పంక్తి సిరా.

శ్రోతలకు ఒక మనవి. రెండున్నర గంటల కచేరీలో పాట ఆగి లయ ఒక్కటియే వినవచ్చునది తని ఆవర్తనము. పది పదిహేను నిమిషములు గాయకుడు సైతము చేతితో తాళము వేయుచు శ్రోతగా కూర్చుండును. సరిగా ఆ సమయమునకే అమలాపురముననేమి, కాకినాడ, విజయవాడలలోనేమి, సగము సభ కాఫీకి లేచుచున్నది. దయచేసి లేవకుడు. కాఫీ తరువాతను దొరకును.