నిలిచియున్న చెట్టు వెల ఎవరు చెల్లింపవలెను?



విశాఖపట్టణపు పూర్ణా మార్కెట్టును ఎరుగనివారు మన సంఘములలో కొద్దిమందియే. కోతపండుగకో ప్రేమవిందుకో సామాను కావలసినప్పుడు పల్లెలనుండి సంచులు పట్టుకొని అక్కడికే పోవుదుము. అల్లము, పసుపు, అనాసపండ్లు, విస్తళ్లకు అడ్డాకులు, వంటకు నూనె కొని తెచ్చుకొందుము. వీటిలో అల్లము, పసుపు, అడ్డాకు మన్యపు కొండలనుండి దిగివచ్చినవి. పామోలిన్ నూనె మాత్రము చాలమట్టుకు సముద్రము దాటి, ఇండోనేషియా, మలేషియా దేశములనుండి వచ్చినది. ఆ విధముగా మన సంచిలో రెండు అడవుల సంగతి యున్నది. ఒకటి మన కొండమీదిది, రెండవది మనమెన్నడును చూడని ద్వీపములది.

సుమత్రా, బోర్నియో ద్వీపములలో ఏడాది పొడుగునా వర్షము కురియు మహారణ్యములున్నవి. నూనెతాటి తోటలకొరకు వాటిలో అనేక భాగములను నరికి కాల్చివేసిరి. 1997లో ఆ మంటల పొగ సింగపూరును, మలేషియాను కమ్మివేసెను. పొగకు సరిహద్దులు లేవు గనుక 2002లో ఆ ప్రాంతపు దేశములు కూడి ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. ఇండోనేషియా దానిని ఆమోదించుటకు 2014వరకు పట్టెను. ఆ నూనెను లోకములో అందరికంటె ఎక్కువగా కొని తెచ్చుకొనునది మన దేశమే. ఇటీవలి సంవత్సరములలో ఏటా 70 లక్షల టన్నులకు పైగా దిగుమతి అగుచున్నది.

అయితే బీదవాడు చౌకనూనె కొనుట పాపమా? మేము అట్లు చెప్పజాలము. బిడ్డల కూరకు రూపాయలు లెక్కపెట్టుకొను తల్లి మెడమీద సుమత్రా అడవి భారమును మోపుట పరిసయ్యుల పని. రేషను షాపులలో పామోలిన్ ఇచ్చిన దినములలో మనమందరము కృతజ్ఞతతోనే తిన్నాము. కాని ఒక మాట. మనకు చౌకగా దొరికిన దానికి మిగిలిన వెలను మరియెవరో, మరియెక్కడో చెల్లించియుందురు. ఆ సంగతి ఎరుగుట పాపమొప్పుకొనుట కాదు, పొరుగువాడెవడో తెలిసికొనుట.

రాజుల మొదటి గ్రంథము 5వ అధ్యాయము చదువుడి. సొలొమోను తూరు రాజైన హీరాముతో నిబంధన చేసికొని, లెబానోను దేవదారు మ్రానులకు ప్రతిగా ఏటేట గోధుమలు, నూనె పంపెను. ఇద్దరికిని సమాధానము కలిగెను, మందిరము లేచెను. అది మంచి కార్యమే. అయినను ఆ లెక్కలో కొండకు భాగము లేదు. నెలకు పదివేలమంది వంతున లెబానోనుకు పంపబడిన వెట్టివారికిని గొప్ప భాగమేమియు కనబడదు. తరతరములుగా ఎందరో రాజులు ఆ కొండను నరికిరి. ఈ దినమున ఆ దేవదారులు చిన్న చిన్న తోపులుగా మాత్రమే మిగిలియున్నవి. 1876లో ఇంగ్లండు రాణి విక్టోరియా ద్రవ్యముతో ఒక తోపు చుట్టు మేకలు చొరకుండ గోడ కట్టిరి. 1998లో యునెస్కో దానిని లోకమంతటి ఆస్తిగా ఎంచెను. నరుకుటకు ఇద్దరు రాజులు చాలిరి. మిగిలినదానిని కాచుటకు మాత్రము ఎన్నో దేశములు కలిసి రావలసివచ్చెను.

ఇప్పుడు మన కొండకు వత్తము. అరకు మన్యము వర్షారణ్యము కాదు గాని అక్కడి అడవికిని అదే కష్టము వచ్చినది. పోడు కొట్టి కాల్చిన వాలులలో వాన మట్టిని గెడ్డలలోకి ఈడ్చుకొనిపోవును. ఆ వాలులలో నీడచెట్లు, పండ్లచెట్లు, వాటి క్రింద కాఫీ, చెట్టుకు ప్రాకించిన మిరియపు తీగ పెట్టవచ్చునని గిరిజనులకు తెలియనిది కాదు. చిక్కు వేరొకటి. కాఫీ మొక్క కాపునకు రావలెనన్న మూడు నాలుగేండ్లు పట్టును. లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు ఇశ్రాయేలీయులను మొదటి మూడేండ్లు చెట్టు ఫలము ముట్టవద్దనెను. అయిదవ యేట తినవలెను. కనిపెట్టుకొనియుండుట భక్తియే, కాని కనిపెట్టువాడు ఈలోగా ఏమి తినును?

ఇక్కడనే పరదేశపు సహాయము అక్కరకు వచ్చినది. ఫ్రాన్సు దేశపు డానోన్ మొదలైన కంపెనీలు కూడి లైవ్లీహుడ్స్ అను నిధిని ఏర్పరచి, హైదరాబాదులోని నాంది ఫౌండేషను ద్వారా అరకు రైతుల పొలములలో మొక్కలు నాటుటకు ముందుగానే ద్రవ్యమిచ్చిరి. సుమారు 6,000 హెక్టార్లలో 30 లక్షల మొక్కలు నాటించుట ఆ పని. అందుకు ప్రతిగా 20 ఏండ్లపాటు ఆ చెట్లు పీల్చుకొను బొగ్గుపులుసు వాయువు లెక్క ఆ కంపెనీల పద్దులో పడును. పండ్లు, కాఫీ రైతువి. 2017లో అరకు కాఫీ పేరుతో పారిసు నగరములో అంగడి కూడ తెరచిరి.

ఇది ప్రేమయా, వర్తకమా? మన ప్రొటెస్టెంటు సంఘములవారికి ఇంకొక సంశయము రాక తప్పదు. 1517లో లూథరు దేనిని ఎదిరించెను? డబ్బిచ్చి పాపపరిహార పత్రము కొనుటను గదా! తమ కార్ఖానాల పొగ ఆపకయే మన కొండమీద చెట్లు నాటించి లెక్క సరిపెట్టుకొనుట అటువంటిదే అని ఒకడు అడిగినచో మేము వానిని గద్దింపము. అయితే జక్కయ్యను జ్ఞాపకము చేసికొందుము. అతడు అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదననెను. అది లంచము కాదు, భిక్షమును కాదు, అప్పు తీర్చుట. కాని మరుసటి ఉదయమున మరల అన్యాయముగా సుంకము వసూలు చేసియున్నచో, ఆ నాలుగంతలకు విలువ యేది? ఇచ్చిన చేయి తీసికొనుట మానెనా అనునదే కొలత.

ఈ కొలతతో రాజ్యములనుకూడ చూడవచ్చును. అమెజాను అరణ్యమును కాచుటకై బ్రెజిలు 2008లో ఒక నిధి ఏర్పరచగా నార్వే దేశము దానికి అందరికంటె ఎక్కువ ఇచ్చెను. 2019లో తగవు వచ్చి ఆ నిధి ఆగిపోయెను. 2023లో మరల తెరువబడెను. ఇచ్చిన నార్వే మంచిపని చేసినది, సందేహము లేదు. అయినను ఆ ధనములో ఎక్కువ భాగము సముద్రగర్భమునుండి తీసిన చమురుదే. 2021లో గ్లాస్గో పట్టణమందు 140కి పైగా దేశములు 2030నాటికి అడవుల నాశనమును ఆపెదమని ప్రకటించెను. మన దేశము అందులో చేరలేదు. ప్రభుత్వముల కారణములు ప్రభుత్వములకుండును. మన మూకుడులోని నూనె మాత్రము మనదే.

అరకు ఒప్పందపు 20 ఏండ్లు చిరకాలమేమియు కాదు, త్వరలోనే తీరును. అప్పుడు పద్దులు మూసివేయబడును, చెట్లు నిలిచియుండును. కట్టెల బేరగాడు ఆ కొండ యెక్కి మంచి వెల చెప్పును; ఇంట జబ్బు మనిషియో, బిడ్డ చదువో ఉండును. ఆ దినమున ఆ రైతు కాదనవలెనన్న అతని కాఫీకి, మిరియములకు, అతని భార్య ఏరి తెచ్చిన అడ్డాకుకు క్రింద పూర్ణా మార్కెట్టులో ఏమి ధర పలుకుచున్నదో చూడవలెను. ఆ ధరను బేరమాడువారము మనమే.