పదిమంది పళ్లు చూసిన మేక

బయ్యారం పెద్దచెరువు కట్ట మీద పొద్దుగూకే వేళ నలుగురు చేరితే ముచ్చట్లకు కరువుండదు. మిర్చి ఏ రేటు పలికింది, ఎవరి బర్రె ఈనింది, ఎవరి బిడ్డకు సంబంధం కుదిరింది, చిరుతల రామాయణంలో ఈసారి హనుమంతుడి వేషం ఎవరికి, అన్నీ అక్కడే తేలతాయి. ఆ కట్ట మీద కూర్చునేవాళ్లలో ఒక బావ, ఒక బామ్మర్ది ఉండేవారు. బావకు గాలం పిచ్చి. ఎర్ర గుచ్చి నీళ్లలో వేశాడంటే కొర్రమట్ట పడేదాకా లేవడు. బామ్మర్దికి కుక్కంటే ప్రాణం. తన గటకలో సగం దానికే పెడతాడు. దర్జీ కొడుకు పావురాలు పెంచుతాడు. వీళ్లందరికీ పెద్దదిక్కు నీరటి తాత. తూము ఎత్తడం, దించడం ఆయన పని. వానాకాలం రాత్రుళ్లు కట్ట పొడవునా నడిచి, ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే కేక పెట్టి ఊరిని లేపడం కూడా ఆయన పనే.

ఒకసారి బామ్మర్దికి మేకను కొనాలనిపించింది. అంగడిలో ఒకటి నచ్చింది, 12,000 చెప్పారు. పైసలివ్వకముందు అమ్మేవాణ్ని బతిమాలి మేకతో సహా కట్ట మీదికి తీసుకొచ్చాడు.

ఇక అందరూ లేచారు. నీరటి తాత మేక దవడ పట్టి నోరు తెరిపించాడు. "ఏడాదిన్నర అన్నవు గదా? నాలుగు పళ్లేసింది. రెండేండ్లు నిండినయి దీనికి" అన్నాడు. దర్జీ కొడుకు నాలుగడుగులు నడిపించి డెక్కలు చూశాడు. ఇంకొకాయన కంటి కింది రెప్ప తిప్పి, లోపల ఎర్రగా ఉందో పాలిపోయిందో చూశాడు. పాలిపోతే కడుపులో పురుగులున్నట్టు. బావ గాలం పక్కనపెట్టి పొదుగు కింద చెయ్యి పెట్టాడు. ఒక్కో చన్ను పిండి చూసి, "ఒకటి మూసుకపోయింది బామ్మర్దీ. రెండు పిల్లలు ఈనితే ఒకటి పాలకు ఏడుస్తది" అన్నాడు.

అమ్మేవాడు కాసేపు గొణిగి 9,000కు దిగొచ్చాడు. లోపం తెలిసే కొన్నారు కాబట్టి ఆ మేక మీద తర్వాత ఎవరికీ పేచీ రాలేదు. పొద్దుపోయేదాకా ఆ బేరం గురించే మాట్లాడుకున్నారు.

అదే ఎండాకాలం బావ మిర్చి అమ్మాడు. ఎరువుల బాకీ, కూలీల బాకీ తీరగా 3 లక్షలు మిగిలాయి. బిడ్డ పెళ్లికని దాచిన పైసలవి. ఆ సంగతి ఎలా తెలిసిందో, తెల్లచొక్కా మనిషి ఒకడు బండి మీద ఇంటికి వచ్చాడు. ఫోనులో అంకెలు చూపించాడు. పైసలు తనకిస్తే షేర్లలో తిప్పి నూటికి నెలకు 10 రూపాయలు తెచ్చి చేతిలో పెడతానన్నాడు. పోతూ పోతూ చెప్పులు తొడుక్కుంటూ ఇంకో మాట అన్నాడు.

"మామా, ఈ ముచ్చట ఎవలకు చెప్పకు. చెప్తే అందరు ఎగబడతరు, నీకు దక్కదు. చుట్టాలకు తెలిస్తే చేబదుళ్లకు వస్తరు. దిష్టి గూడ మంచిది గాదు."

బావకు ఆ మాట నిజమనిపించింది. భార్యకు కూడా చెప్పలేదు. మొదటి నెల 30,000 వచ్చాయి. రెండో నెల కూడా వచ్చాయి. మూడో నెల ఫోను ఎత్తలేదు. నాలుగో నెల ఆ నంబరే లేదు.

బావ కట్ట మీదికి రావడం తగ్గించాడు. వచ్చినా గాలం వేసేవాడు కాదు. బిడ్డ సంబంధం గురించి అడిగితే ముక్తసరిగా జవాబు చెప్పేవాడు. నీరటి తాత పది రోజులు చూసి, ఒక సాయంత్రం వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏమైందిరా? ఎంత పోయింది?"

ఆ రెండో ప్రశ్నతో బావ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అంతా చెప్పాడు. తాత తిట్టలేదు. వేళ్ల మీద లెక్క కట్టి చూపించాడు.

"నెలకు నూటికి 10 రూపాయలు సంపాయించెటోడు వడ్డీ మీద వడ్డీ వేసుకుంటే, లక్ష రూపాయలు ఏడాదికి 3 లక్షలు దాటుతయి. ఐదేండ్లకు 3 కోట్లు. గంత విద్య ఉన్నోడు ఇల్లు తాకట్టు పెట్టి తానొక లక్ష తెచ్చుకుంటే సరిపోతది గదా. నీ ఇంటికెందుకు వచ్చిండు?"

అంతలో కుక్కను నిమురుతున్న బామ్మర్ది చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి నోరు విప్పాడు. "బావా, నేను గూడ 2 లక్షలిచ్చిన. గా తెల్లచొక్కాయనకే. నువ్వు ఇచ్చినంక నెలకు." దర్జీ కొడుకు తల దించుకున్నాడు. అతనిది 60,000. కుట్టుమిషను కొనడానికి కూడబెట్టింది.

ముగ్గురూ రోజూ ఒకే కట్ట మీద కూర్చున్నవాళ్లు. 12,000 మేకకు పదిమంది పళ్లు చూశారు. 5 లక్షల 60,000కు ఒక్కరూ నోరు తెరిపించి చూడలేదు.

కథ ఇంతే. మేకకు చూపించినంత వెలుతురు పైసకూ చూపించాలన్నది దీని నీతి. పెట్టుబడి పెట్టేముందు దాన్ని నలుగురి మధ్యకు తోలుకొచ్చి నిలబెట్టాలి.

ఇందులో బావది అత్యాశ అని ఒక్క మాటతో కొట్టిపారేస్తే పొరపాటు. మూసుకుపోయిన చన్నును చేత్తో పట్టుకున్న మనిషి అతను. చూపు, బుద్ధి, అనుభవం అన్నీ ఉన్నాయి. ఒంటరిగా ఉన్నప్పుడు అవి పని చెయ్యలేదు. మోసగాడికి ఆ సంగతి బాగా తెలుసు. అందుకే వడ్డీ మాట చెప్పి ఊరుకోలేదు, ఎవరికీ చెప్పొద్దన్న మాట కూడా చేర్చాడు. నా దృష్టిలో ఆ రెండో మాటే అసలు ప్రమాద సూచన. తెలిస్తే చేబదులు అడుగుతారని, దిష్టి తగులుతుందని, నష్టపోతే నవ్వుతారని మన ఇళ్లలో పైసల మాట గుట్టుగా ఉంచుతాం. ఈ భయాలు ఉత్తవి కావు. చేబదులు అడిగితే కాదనలేక చెడిన చుట్టరికాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

కానీ చెప్పాల్సింది ఎంత పెడుతున్నామో కాదు. ఎక్కడ పెడుతున్నాం, ఎవరి చేతికి ఇస్తున్నాం, ఏ షరతు మీద, ఏ కాగితం మీద అన్నది చెప్పాలి. ఎంతన్నది మన కడుపులోనే ఉంచుకోవచ్చు. బావ కట్ట మీద కూర్చుని "నూటికి నెలకు పది ఇస్తనంటున్నడు ఒకాయన, ఏమంటరు?" అని అడిగి ఉంటే చాలు, తాత వేళ్ల లెక్క ఆ రోజే బయటపడేది. తన పైసలు పోయాక చెప్పినా కనీసం దర్జీ కొడుకుకైనా మిషను దక్కేదేమో.

పైసల నష్టమూ చెరువు గండి లాంటిదే. కట్టకు గండి ఒక్కసారిగా పడదు. ఎండ్రకాయ బొక్కంత సందులోంచి ముందు చెమ్మ వస్తుంది. దాన్ని చూసినవాడు సిగ్గుపడకుండా కేక పెడితే నాలుగు తట్టల మట్టితో ఆగుతుంది.

అసలు ఆ చెరువే బయ్యారంలో చాలా పాత పెట్టుబడి. కాకతీయ గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ దాన్ని తవ్వించింది. ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమాన్ని చరిత్రకారులు చదువుకునే ముఖ్యమైన ఆధారాల్లో ఆ శాసనం ఒకటి. ఎవరు చేశారు, ఏం చేశారు అన్నది దారిన పోయేవాడికి కూడా కనబడేటట్టు రాతి మీద చెక్కించారు. అది చదివినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది.

అంత దూరం పోనక్కర్లేదు, మన మహిళా సంఘాలను చూడండి. పొదుపు ఎంత జమయింది, ఎవరు అప్పు తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, కిస్తీ కట్టారా లేదా అన్నది అందరి ముందూ పైకి చదివి పుస్తకంలో రాస్తారు. ఇంటి ఆడమనిషి ప్రతి రూపాయినీ పదిమంది ముందు లెక్క చెబుతుంటే, మగమనిషి అదే ఇంట్లో 3 లక్షలు గుట్టుగా ఇచ్చేయడం న్యాయం కాదు. పెళ్లి చేయాల్సిన బిడ్డ ఇద్దరిదీ.

ఇక అడగాల్సిన ప్రశ్నలు కష్టమైనవేం కాదు. పోస్టాఫీసు కిసాన్ వికాస్ పత్రలో 2023 ఏప్రిల్‌లో పెట్టిన రేటు ప్రకారం సొమ్ము రెట్టింపు కావడానికి 115 నెలలు పడుతుంది. అంటే తొమ్మిదేళ్ల ఏడు నెలలు. ఏడాదిలోనే రెట్టింపు చేస్తానని ఎవరన్నా అంటే, ఏ వ్యాపారం చేసి అని అడగండి. చిట్టీ అయితే 1982 చట్టం కింద రిజిస్టరు అయిందా అని అడగండి. చిట్టీ నడిపేవారి కమీషను 7 శాతానికి మించకూడదు. బ్యాంకులో అయితే ఒక్కొక్కరి పేరు మీద 5 లక్షల దాకా డిపాజిట్‌కు బీమా ఉంటుంది. తెల్లచొక్కా మనిషి జేబుకు ఏ బీమా ఉండదు. అనుమతి లేకుండా జనం దగ్గర డిపాజిట్లు వసూలు చేయడం 2019 చట్టం ప్రకారం నేరం.

షేర్లు చెడ్డవని నేను అనను. తెలిసి, ఓపిగ్గా, ఏళ్ల తరబడి మంచి కంపెనీల్లో ఉంచుకున్నవాళ్లు బాగుపడ్డారు. రోజువారీ జూదంలా ఆడేవి వేరే. ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన మామూలు మనుషుల్లో 93 శాతం మంది మూడేళ్లలో నష్టపోయారని షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024లో లెక్క తేల్చింది. ఊళ్లో పిల్లలు ఫోను మీద వంగి కూర్చుంటే, ఆ 93 శాతంలో వీళ్లు ఎందుకు ఉండరో అడగవలసింది ఇంట్లో పెద్దవాళ్లే. కోప్పడకుండా అడగండి. కోప్పడితే ఆ పిల్లాడు కూడా బావలాగే గుట్టులోకి వెళ్లిపోతాడు.

తాత గురించి ఒక్క మాట చెప్పాలి. ఆయన లెక్క గొప్పదే, కానీ తిట్టకుండా పక్కన కూర్చోవడం అంతకంటే గొప్పది. ఆయన ఆ రోజు నలుగురిలో ఎగతాళి చేసి ఉంటే బామ్మర్ది, దర్జీ కొడుకు ఎప్పటికీ నోరు విప్పేవారు కాదు. నష్టపోయినవాడిని చూసి నవ్వే ఊళ్లో మోసగాడు మళ్లీ మళ్లీ వస్తాడు, ఎందుకంటే అతని గుట్టు కాపాడేది ఆ నవ్వే. ముగ్గురూ కలిసి మరునాడు పోలీసు స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు రాసిచ్చారు. ఆ ఫిర్యాదు మూడో నెల ఫోను ఎత్తనప్పుడే పడి ఉండాల్సింది.

మీ ఇంట్లో, మీ కట్ట మీద, ఎవరైనా ఈమధ్య మాట తగ్గించారా? ముచ్చట్లకు రావడం మానేశారా? వెళ్లి పక్కన కూర్చోండి, మెల్లగా అడగండి. ఫోను ద్వారా, ఆన్‌లైన్‌లో పైసలు పోయాయని తెలిస్తే ఆ గంటలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయించండి. సొమ్ము ఖాతాలు మారకముందు చెబితేనే ఆపే వీలుంటుంది.