పాడినవాడు, విన్నవాడు

బీటిల్స్ అనే నలుగురు ఇంగ్లాండు కుర్రాళ్ళు 1960లలో ఒక తరం జుట్టును, దుస్తులను, మాటతీరును మార్చివేశారని చదువుతాము. మన చెన్నూరు ప్రాంతపు యువకులు అంత దూరం పోనక్కరలేకపోయింది. మోకాళ్ళపైకి కట్టిన పంచె, భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు. గద్దర్ వేదిక ఎక్కితే బొగ్గుబాయి దిగి వచ్చిన కార్మికుడు అన్నం మరచి నిలబడేవాడు.

జననాట్యమండలి 1972లో పుట్టింది. తూప్రాన్ దళిత కుటుంబంలో జన్మించిన గుమ్మడి విఠల్‌రావు, ఉత్తరాంధ్ర నుండి వచ్చిన వంగపండు ప్రసాదరావు దాని ప్రధాన గొంతులు. పల్లెల్లో అప్పటికే ఉన్న బాణీలనే తీసికొని వారు కొత్త మాటలు పొదిగారు. అందుచేత వినేవానికి ఆ పాట తన ఇంటినుండే వచ్చినట్లు తోచేది. దాని బలమంతా అక్కడే ఉన్నది.

మరి ఆ పాట విని అడవిబాట పట్టి శవమై తిరిగివచ్చిన బిడ్డ విషయంలో పాడినవాడు జవాబుదారుడా?

ప్లేటో అయితే కొన్ని రాగాలను తన ఆదర్శ రాజ్యంలోనికి రానివ్వలేదు. అది పాలకుని జవాబు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై తుపాకులు పేలాయి. ఆ దుఃఖాన్ని పాట పుట్టించలేదు. పాట యువకులను చెడగొట్టిందనేవారు ముందు ఈ సంగతికి సమాధానం చెప్పాలి.

అయినా పిలాతువలె చేతులు కడుగుకోవడం చెల్లదు. పాటలోని భావంకన్న గొంతే తనను ఎక్కువగా కదిలించినపుడు పునీత అగుస్తీను దానిని తన తప్పుగా ఎంచుకున్నాడు. ఆయన భయం నాకు సబబుగా తోస్తుంది. గజ్జెల మోతలో మనస్సు ఊగుతున్నపుడు, ఒక మనిషిని చంపడం న్యాయమేనా అన్న ప్రశ్న వినబడదు. మందుపాతరకు కూలిన కానిస్టేబులు కూడ రైతుబిడ్డే. అతని తల్లికోసం ఆ గజ్జెలు ఎన్నిసార్లు మోగాయి?

ఒక మాట ఒప్పుకోవాలి: ఇతరులను పంపి తాను ఇంట కూర్చున్నవాడు కాడు గద్దర్. 1997 ఏప్రిల్ 6న ఆయనపై కాల్పులు జరిగాయి. ఒక తూటా 2023 ఆగస్టు 6న మరణించేవరకు ఆయన దేహంలోనే ఉండిపోయింది. చివరి ఏండ్లలో ఆయన అంబేద్కర్ రాజ్యాంగాన్ని చేపట్టారు, 2018లో మొదటిసారి ఓటు వేశారు. కొందరు దానిని ద్రోహమన్నారు. నేననను; ఆలోచించే మనిషికి మారే హక్కున్నది. చిక్కు మరొకచోట ఉన్నది. మనిషి మారతాడు గాని క్యాసెట్టులోని పాట మారదు. 1985లో దానిని విని ఇల్లు విడిచిన కుర్రవానికి 2018 నాటి మాట ఎవరు చేరవేస్తారు?

2025లో రాష్ట్ర ప్రభుత్వం ఆయన పేరిట సినిమా అవార్డులు ఇచ్చింది. సభలో చప్పట్లు మోగాయి. ఆ పాట వినబడితే లేచి లోపలికి వెళ్ళిపోయే తల్లులు మన గోదావరి ఒడ్డున ఇంకా ఉన్నారు.